ప్రజా పెంకుల కంపెనీలో ఎల్లక్క వాటా

"నేటి నుంచి పెద్దపల్లి తాలూకాలో కూలీ అనేవాడు ఉండడు. అందరూ యజమానులే!" అని 1957లో ప్రజా పెంకుల కంపెనీ లిమిటెడ్ చైర్మన్ రామచంద్రం గారు ప్రకటించారు. సభికులు చప్పట్లు కొట్టారు. కుర్చీలు వేసిన కూలీలు కూడా కొట్టారు. కుర్చీలు సర్దమని కేక పడేదాకా వాళ్లూ యజమానులుగానే ఉన్నారు.

ఆ పూటే ఎల్లక్క కూడా యజమాని అయింది. భర్త పోయాక ఒంటిచేత్తో దున్నుకుంటున్న మూడెకరాల ఎర్రమన్ను చెలకను కంపెనీకి రాసిచ్చి, బదులుగా ముప్పై షేర్లు తీసుకుంది. షేరు కాగితం మీద పెంకుటింటి బొమ్మ ఉంది. బొమ్మ చాలా బాగుంది.

తర్వాతి నాలుగేళ్లలో కంపెనీ సాధించిన ప్రగతి సామాన్యమైనది కాదు. ఒకే ఫ్యాక్టరీకి ముగ్గురు మంత్రులతో మూడుసార్లు పునాదిరాయి వేయించారు. ఎల్లక్క చెలక మధ్యలో పొగగొట్టం కూడా లేపారు. పొగ ఒక్కటే రావాల్సి ఉంది. పెంకులు రాలేదని ఎవరూ అనలేరు. చైర్మన్ గారి కొత్త ఇంటి మీదికి మంగళూరు పెంకులు రెండు లారీలు వచ్చాయి. అవి నమూనా కోసం అని ఆఫీసులో చెప్పారు.

1961లో వార్షిక సమావేశం నోటీసు వచ్చింది. పోస్టుమాన్ వాకిట్లో నిలబడి చదివి వినిపించాడు. అందులో ఆరో అంశం: "నిరుపయోగంగా పడి ఉన్న మూడెకరాల భూమిని చైర్మన్ గారి బామ్మర్ది స్థాపించబోవు రైస్ మిల్లుకు అప్పగించుట."

"పడి ఉన్నదా? నేను పండుకోబెట్టిన్నా దాన్ని?" అని ఎల్లక్క పోస్టుమాన్‌ను నిలదీసింది. ఆయన మిగతా ఉత్తరాలు గుర్తొచ్చి వెళ్లిపోయాడు.

ఎల్లక్క మర్నాడే రైలెక్కి బెల్లంపల్లిలో తమ్ముడి ఇంట్లో దిగింది. తమ్ముడు గట్టయ్య బొగ్గుబాయి మీద హాజరు రాసే గుమాస్తా. యూనియన్ మీటింగుల్లో పాయింట్ ఆఫ్ ఆర్డర్ లేపడంలో అతనికి మంచి పేరుంది. అతని మాట మీద బాయి కార్మికులు రెండు వందల మంది దాకా ఆ కంపెనీలో షేర్లు కొన్నారు. ఆ సంగతి ఎత్తితే గట్టయ్యకు ముఖం చెల్లదు.

"మనం వద్దంటే ఆగుతదా తమ్మీ?"

"ఆగుతది అక్కా. నాలుగింట మూడు వంతుల ఓట్లు పడకుంటే భూమి ఇయ్యరాదని వాళ్ల నిబంధనలల్లనే ఉన్నది. మీటింగుకు రానోళ్లు ప్రాక్సీ రాసియ్యొచ్చు."

"అదేంది?"

"వాళ్ల బదులు నువ్వు ఓటేసుడు. కాగితాలు రెండు దినాల ముందే ఆఫీసుల పడాలె."

"అంటే వాళ్లు ఇంట్ల కూసుంటరు. వాళ్ల చెయ్యి నా ఎంబడి వస్తది."

"గంతే."

వారం రోజులు ఆమె బాయి గేటు దగ్గర నిలబడింది. షిఫ్టు దిగి వచ్చేవాళ్లను ఒక్కొక్కరినే ఆపింది. వాళ్ల వేళ్లకు బొగ్గు అంటుకునే ఉండేది కాబట్టి వేలిముద్రలకు సిరా అవసరం పడలేదు. నూట అరవై ప్రాక్సీలు గడువు లోపలే ఆఫీసులో పడ్డాయి. సెక్రటరీ ముత్యం రసీదు ఇస్తూ, "అవ్వా, నువ్వు ఎలక్షన్ల నిలబడరాదు?" అన్నాడు.

సమావేశం కరీంనగర్‌లో ఒక సినిమా హాల్లో, పొద్దున పది గంటలకు. చైర్మన్ గారు తెర ముందు కూర్చున్నారు. కంపెనీ భవిష్యత్తు గురించి గంటన్నర మాట్లాడి ఆరో అంశానికి వచ్చారు. "అనుకూలమైన వారు చేతులెత్తండి" అన్నారు. బామ్మర్ది, బామ్మర్ది తమ్ముళ్లు, వాళ్ల మిల్లు మేస్త్రీలు చేతులెత్తారు. "వ్యతిరేకులు?"

ఎల్లక్క చెయ్యెత్తింది. గట్టయ్య ఎత్తాడు.

"ఇద్దరు" అని ముత్యం రాసుకున్నాడు.

"ఇద్దరేంది? నా చేతిల నూట అరవై మంది ఉన్నరు!"

"చెయ్యెత్తితే చెయ్యే లెక్క అవ్వా. లోపల ఎవలున్నరని చూడరాదు."

గట్టయ్య లేచి పాయింట్ ఆఫ్ ఆర్డర్ అన్నాడు. ఓట్లు చేతులతో కాక, కాగితాల మీద షేరుకో ఓటు చొప్పున లెక్కపెట్టాలని చట్టం చూపించి అడిగాడు. ప్రజాస్వామ్యం పట్ల చైర్మన్ గారికున్న గౌరవం గొప్పది. వెంటనే ఒప్పుకున్నారు. ముత్యం లోపలికి వెళ్లి ఒక గోనె సంచి మోసుకొచ్చాడు. అందులో చైర్మన్ గారి పేర వచ్చిన ప్రాక్సీలు ఉన్నాయి. పేర్లు చదవడం మొదలైంది. నలభయ్యో పేరు దగ్గర ఎల్లక్క లేచింది.

"ఏ గంగయ్య? మా వాడకట్టు గంగయ్యనా? ఆయన సచ్చి రెండేండ్లాయె!"

చైర్మన్ గారు కళ్లద్దాలు తీసి ఎంతో నెమ్మదిగా చెప్పారు. "చూడమ్మా, వాటాదారుడు చనిపోయినట్టు కంపెనీకి రాతపూర్వకంగా తెలియకపోతే ఆయన ప్రాక్సీ చెల్లుతుంది. ఇది చట్టం."

"సచ్చేముందు రాసిచ్చిండనుకుందమంటే గూడ గాదు పటేలా. దాని మీద తారీకు మొన్నటి ఐతారముది."

"కంపెనీ మీద వారి అభిమానం అటువంటిది" అన్నారు చైర్మన్ గారు. ముందు వరుస చప్పట్లు కొట్టింది.

సంచి సగం కూడా తరగకముందే మ్యాట్నీ టైమైంది. టిక్కెట్లు కొన్నవాళ్లు లోపలికి వచ్చి కూర్చోసాగారు. వాటాదారుల హాజరు ఉత్సాహకరంగా ఉందని ముత్యం మినిట్స్‌లో రాసుకున్నాడు. హాలు ఓనరు లైట్లు ఆర్పేశాడు. సమావేశం నెల రోజులకు వాయిదా పడింది.

రాతపూర్వకంగా తెలపాలన్న మాట ఎల్లక్క బాగా పట్టుకుంది. నెల రోజులూ ఊరూరా తిరిగింది. షేరు ఉండి చచ్చిపోయిన వాళ్ల ఇళ్లు వెతికి, భార్యలతో, కొడుకులతో వేలిముద్రలు వేయించింది. అందరూ ఏడ్చారు. తర్వాత చల్ల పోశారు. ఒకామె మాత్రం, "మా ఆయన బతికున్నన్ని దినాలు ఒక్క ఓటు ఎయ్యలే. ఇప్పుడేస్తున్నడంటే ఆపుతవెందుకు?" అని అడిగింది. ఎల్లక్క ఆమెకు సగం పూట కూర్చుని నచ్చజెప్పింది.

మొత్తం మీద ఇరవై మూడు చావులు తేలాయి. పోయినవాళ్లలో ఎక్కువమంది చెలకలిచ్చిన రైతులు. షేర్లలో పెద్ద భాగం వాళ్ల పేరనే ఉంది. ఆ కాగితాలన్నీ కట్టగట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపించింది. గట్టయ్య లెక్కలు కట్టి, చచ్చిన వాళ్లను తీసేస్తే చైర్మన్‌కు మూడు వంతులు పడవని తేల్చాడు. ఎల్లక్క ఆ సాయంత్రం చెలక గట్టు మీదికి పోయింది. పొగగొట్టం చుట్టూ తుమ్మ మొలిచింది. ముందుగా దాన్ని కొట్టించాలి, తర్వాత కంది వేయాలి అనుకుంది. చాలా రోజుల తర్వాత ఆమెకు ఆకలైంది.

వాయిదా సమావేశం సంతాపంతో మొదలైంది. "మన కంపెనీ ఇరవై నలుగురు ఆణిముత్యాలను కోల్పోయింది" అని చైర్మన్ గారు గద్గద స్వరంతో అన్నారు. ముత్యం పేర్లు చదివాడు. ఎల్లక్క కొంగు కప్పుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. వాళ్లందరి ఇళ్లలోనూ ఆమె చల్ల తాగింది మరి. గంగయ్య పేరు వచ్చింది. చిట్టచివర, "శ్రీమతి ఎల్లక్క, ముప్పై షేర్లు" అని వచ్చింది. "రెండు నిమిషాలు మౌనం."

"అదేంది! నేనున్న గదా!"

"మౌనం అవ్వా, మౌనం" అని ముత్యం బతిమాలాడు.

రెండు నిమిషాలూ అయ్యేదాకా ఎవరూ పలకలేదు. గట్టయ్య కూడా, అది మౌనం కాబట్టి, ఆగాల్సి వచ్చింది. ఆ తర్వాత అరిచాడు. "మా అక్క కండ్ల ముంగట నిలబడ్డది! సచ్చిందని ఎవలు రాసిండ్రు?"

ముత్యం ఒక కాగితం చూపించాడు. "రిజిస్టర్డ్ పోస్టుల వచ్చిన కట్టలనే ఉన్నది. ఎల్లక్క పంపిన కట్ట. ఆమె మాట మేం ఎట్ల కాదంటం?"

"గది నేను పెట్టలే!"

"ఇరవై మూడు ఒప్పుకుని ఒక్కటి కాదంటే ఎట్లనమ్మా?" అన్నారు చైర్మన్ గారు. "ఇక మీ పేర వచ్చిన ప్రాక్సీల సంగతి. చనిపోయినవారు ప్రాక్సీ ఇచ్చి ఉండవచ్చు. పుచ్చుకోవడానికి మాత్రం వీల్లేదు. నూట అరవై కొట్టేయండి."

"బతికున్నదని చెప్తున్నం గదా!" అన్నాడు గట్టయ్య.

"రాతపూర్వకంగా తెలియజేయండి. వచ్చే ఏడు సమావేశంలో తప్పక పరిశీలిస్తాం."

ఆరో అంశం మూడు వంతులు దాటి నెగ్గింది. ఎల్లక్క హాలు బయటి మెట్ల మీద కూర్చుంది. కోపం రావాలో నవ్వు రావాలో ఆమెకు తెలియలేదు. "తమ్మీ, ఇంటికి పోతే నాకు బువ్వ పెడతరా, పిండం పెడతరా?" అని అడిగింది. గట్టయ్య చట్టం పుస్తకం తిరగేస్తూనే ఉన్నాడు.

ఎనిమిది నెలలకు మిల్లు లేచింది. పొగగొట్టం సిద్ధంగా ఉంది కాబట్టి పని తొందరగా అయింది. బోర్డు మీద ఎర్ర అక్షరాలతో "స్వర్గీయ ఎల్లక్క స్మారక రైస్ మిల్" అని రాయించారు. వాటాదారుల పోరాటాన్ని ఇంతగా గౌరవించిన కంపెనీ మరొకటి లేదని, ప్రారంభోత్సవానికి వచ్చిన మంత్రి గారు కొనియాడారు.

ఎల్లక్క కూడా వెళ్లింది. తన చెలకలో నడవడానికి ఆమెకు పిలుపు అవసరం అనిపించలేదు. చివర నిలబడి చూస్తుంటే ఒక కార్యకర్త వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. మంత్రి గారి పక్కన ఫోటోకు పేద రైతు స్త్రీ ఒకామె కావాలట. స్టేజీ మీద కుర్చీలో పెద్ద పటం పెట్టి ఉంది. బుగ్గలు నిండుగా, మెడలో కాసులపేరు, కళ్లద్దాలు. ఎల్లక్క ఫోటో కంపెనీలో లేనందున, దొరికిన వాటిలో మంచిది పెట్టారు.

"గీమె ఎవలు బిడ్డా?"

"ఎల్లక్క గారు! తెల్వదా? వాటాదారుల కోసం పాణమిచ్చిన మనిషి. ఇగో, గీ దండ వెయ్యి."

ఎల్లక్క బంతిపూల దండ అందుకుంది. పటం వైపు చూసింది. మంత్రి గారు నవ్వు సిద్ధం చేసుకుని కెమెరా వైపు తిరిగారు. ఎల్లక్క దండను రెండు చేతులా ఎత్తి తన మెడలో వేసుకుంది.

"అట్ల గాదు అవ్వా, తప్పేసినవ్" అన్నాడు ఫోటోగ్రాఫర్. "తీసి మళ్లొక్కసారి వెయ్యి."