సాగర స్వర్గం, అన్నీ కలిపే

ఒక పెద్ద అడవిలో ఎవరిమీదా ఏ ఫిర్యాదూ లేని జంతువు ఒక్కటంటే ఒక్కటే ఉండేది. అది అడవి పంచాయతీలో ఫిర్యాదుల గుమస్తా, ఎలుగుబంటి బొంతయ్య.

కుందేళ్ళు, జింకలు, ముళ్ళపందులు తెచ్చిన అర్జీలన్నీ ఆయనే తీసుకునేవాడు. ఒక్కొక్కదాన్నీ రెండుసార్లు చదివి, "పరిశీలనలో ఉంది" అని చెప్పి, వెనకాల ఉన్న మద్దిచెట్టు తొర్రలో పడేసేవాడు. తొర్ర నిండితే ఇంకో చెట్టు చూసుకునేవాడు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఏడు చెట్లు నింపాడు.

ఆయన భార్య పుట్టమ్మకు మాత్రం ఒక ఫిర్యాదు ఉంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా తనకు సముద్రం చూపించలేదని.

"అన్ని నీళ్ళూ ఒక్కచోటే ఉంటాయటండీ! నేనెప్పుడు చూస్తాను?"

"పరిశీలనలో ఉంది," అనేవాడు బొంతయ్య, అలవాటుకొద్దీ.

ఇలా ఉండగా అడవి చివర, సముద్రపొడ్డున, నక్క జిత్తప్ప ఒక రిసార్టు తెరిచాడు. ఊడలకీ కొమ్మలకీ అరిటాకులు వేలాడదీశాడు. వాటిమీద గోటితో గీసిన ప్రకటన: "సాగర స్వర్గం. మూడు పగళ్ళు. తిండి, ఆట, పాట, సముద్రం, అన్నీ కలిపే! వచ్చాక మీరు దేన్నీ అడగక్కర్లేదు."

"చూశావుటే, సముద్రం కూడా కలిపేనట," అన్నాడు బొంతయ్య. "విడిగా అడగక్కర్లేదు."

తన ఏడాది తేనె అంతా ముందే జిత్తప్పకు అప్పగించాడు. పుట్టమ్మ ముళ్ళపంది ముల్లు అడిగి తెచ్చుకుని ఒళ్ళంతా దువ్వుకుంది. "మేం సముద్రానికి వెళ్తున్నాం వదినా!" అని ఇరుగుపొరుగు ప్రతి గుహ దగ్గరా మూడేసిసార్లు చెప్పింది.

రిసార్టు గుమ్మంలో జిత్తప్ప రెండు గడ్డితాళ్ళు పట్టుకుని ఎదురొచ్చాడు.

"రండి సార్, రండి మేడమ్! ఇది మణికట్టుకి కట్టుకుంటే చాలు, ఇక్కడ అన్నీ మీవే."

తాళ్ళు జింక కాలి కొలతకి చేసినవి. బొంతయ్య చెయ్యి ఎక్కడ, ఆ తాడెక్కడ! చివరికి చెవులకి కట్టారు. దంపతులిద్దరూ సంతకి తోలుకొచ్చిన మేకల్లా లోపలికి నడిచారు.

సముద్రం కనిపించే గది ఇచ్చారు. గదికి కిటికీ లేదు, మట్టిగోడకి ఒక కన్నం ఉంది. పుట్టమ్మ ఆత్రంగా అందులో కన్ను పెట్టింది. అవతల బూడిదరంగులో ఏదో ఉంది. కాస్త కదులుతోంది కూడా.

"సముద్రం బూడిదరంగులో ఉంటుందా అండీ? తోక కూడా ఉందేమిటి?"

జిత్తప్ప కంగారు పడలేదు. "అది గాడిద మేడమ్. అది పక్కకి జరిగితే వెనకాల అంతా సముద్రమే."

"ఎప్పుడు జరుగుతుంది?" అన్నాడు బొంతయ్య.

"మనం చెప్పలేం సార్, అది కూడా గెస్టే. సముద్రం చూడ్డానికి వచ్చింది."

సరే, ముందు తిందాం అని భోజనశాలకి వెళ్ళారు. అక్కడ వడ్డనకి ఉన్నది కొంగ. ఒంటికాలిమీద నిలబడి, కళ్ళు మూసుకుని జపం చేస్తోంది. ఆకులన్నీ ఖాళీ.

"చేపలేవయ్యా?" అన్నాడు బొంతయ్య.

"ఇప్పుడే అయిపోయాయి సార్."

కొంగ ముక్కులోంచి ఒక చేపతోక వేలాడుతోంది.

"మరి అదేమిటి?"

"రుచి చూస్తున్నాను. గెస్టుల ఆరోగ్యం మాకు ముఖ్యం."

"అన్నిటినీ రుచి చూశావా?"

"ఒకటి బాగుందని రెండోది బాగుంటుందని గ్యారంటీ ఏముంది సార్?" అని కొంగ ఆ తోకని కూడా లోపలికి లాక్కుంది. తరవాత వినయంగా వంగి, ఉన్న వంటకాలు చెప్పింది. నాచు వేపుడు, నాచు పులుసు, నాచు హల్వా. మూడూ ఒకే కుండలోంచి తీసింది. హల్వా మాత్రం కాస్త ఉప్పెక్కువ.

రెండో పొద్దున పుట్టమ్మ అందరికంటే ముందు లేచి ఒడ్డుకి పరిగెత్తింది. మోకాళ్ళ దాకా బురద. కనుచూపు మేరలో చుక్క నీళ్ళు లేవు.

"సముద్రం ఏది?" అంది.

"ఆటు కదా మేడమ్, ఇప్పుడే అటు వెళ్ళింది," అన్నాడు జిత్తప్ప. "మధ్యాహ్నం వస్తుంది."

మధ్యాహ్నం వచ్చింది కూడా. కానీ ఆ సమయానికి కాకి కచేరీ ఉంది. కచేరీకి కూచోవడం కలిపే, మధ్యలో లేవడం మాత్రం కలపలేదట. ద్వారం దగ్గర రెండు అడవిపందులు కాపలా ఉన్నాయి. కాకి పాట ఆపేసరికి సముద్రం మళ్ళీ వెళ్ళిపోయింది. మూడోరోజూ అంతే.

పుట్టమ్మ ఒడ్డునుంచి వెనక్కొచ్చింది. ఒక రాయిమీద కూచుని, దువ్వుకొచ్చిన బొచ్చులోంచి బురద గీక్కుంటోంది. ఆవిడ తిట్టి ఉంటే బొంతయ్య భరించేవాడు. అలా ఊరుకోవడం చూసి ఒక తాటాకు తీసుకుని, జీవితంలో మొదటిసారి, తనే ఒక ఫిర్యాదు రాశాడు.

జిత్తప్ప దాన్ని భక్తిగా అందుకుని రెండుసార్లు చదివాడు.

"పరిశీలనలో ఉంది సార్," అని తాటిచెట్టు తొర్రలో పడేశాడు.

బొంతయ్య తొంగి చూశాడు. తొర్ర నిండా తాటాకులే. ఆయనకి కడుపులో ఎక్కడో కలుక్కుమంది. నాచు వల్ల కాబోలు అనుకున్నాడు.

ఇంటికి రాగానే కుందేలు, జింక, అడవిపంది చుట్టూ చేరాయి.

"ఎలా ఉంది బొంతయ్యా?"

నిజం చెబుదామనే నోరు తెరిచాడు. కానీ ఏడు చెట్లు నింపిన గుమస్తాని ఒక నక్క బోల్తా కొట్టించిందని తెలిస్తే రేపటినుంచి ఆఫీసులో తలెత్తుకోగలడా?

"అబ్బో!" అన్నాడు. "ఏం చెప్పమంటారు! ఆ హల్వా ఇంకెక్కడా దొరకదు. గదిలోంచి చూస్తే కళ్ళు తిప్పుకోలేం. ఇక సముద్రమంటారా, ఎక్కడ మొదలో ఎక్కడ చివరో మా కంటికి ఆనలేదు."

పుట్టమ్మ మొగుడి వైపు నోరు వెళ్ళబెట్టి చూసింది.

మర్నాడే కుందేలు కుటుంబంతో బయల్దేరింది. చిక్కి శల్యమై తిరిగొచ్చి, "అబ్బో!" అంది. జింక వెళ్ళొచ్చి, "అబ్బో!" అంది. అడవిపంది వచ్చీ రాగానే దుంపల గుట్టమీద పడి, నోటినిండా కుక్కుకుని, "అబ్బో!" అంది. వానలు మొదలయ్యేసరికి అడవిలో సగం ప్రాణుల ఎముకలు లెక్కపెట్టొచ్చు. అందరిదీ ఒకటే మాట. ఏం తిన్నావని మాత్రం ఎవరూ ఎవర్నీ అడగలేదు.

ఆ అబ్బోలు సింహం చెవిన పడ్డాయి.

"అందరికంటే ముందు వెళ్ళింది నువ్వేనట కదా," అన్నాడు మృగరాజు, బొంతయ్యని పిలిపించి. "పద, దారి చూపించు. నీ మాటమీద వస్తున్నాను."

బొంతయ్య ఇంటికొచ్చి గోడకి చేరగిలబడ్డాడు.

"ఇప్పుడైనా నిజం చెప్పండి," అంది పుట్టమ్మ.

"ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ అబద్ధమాడినట్టు కాదుటే? ఇక్కడే నమిలేస్తాడు."

"చెప్పకపోతే?"

"అక్కడికెళ్ళాక నమిలేస్తాడు. రెండు రోజుల ప్రయాణం. ఆ రెండు రోజులైనా మిగుల్తాయి."

"అయితే నేనూ వస్తాను," అంది పుట్టమ్మ. "మిమ్మల్ని ఒంటరిగా పంపను."

సాగర స్వర్గంలో జిత్తప్ప మృగరాజుకి పూలదండ వేశాడు. గడ్డితాడు పంజాకి చాలక తోకకుచ్చుకి కట్టాడు, బొంతయ్య దంపతులకి మళ్ళీ చెవులకే. కాకి స్వాగతగీతం ఎత్తుకోబోయి, సింహం ఒక్క చూపు చూసేసరికి గుటక వేసి ఊరుకుంది.

"ఆకలేస్తోంది," అన్నాడు మృగరాజు. "ఏమున్నాయి?"

కొంగ వణుక్కుంటూ మూడు ఆకులు తెచ్చి పెట్టింది. సింహం వేపుడు వాసన చూశాడు. పులుసు వాసన చూశాడు. హల్వా నాలుక చివర పెట్టుకుని తుపుక్కున ఉమ్మేశాడు. తరవాత నెమ్మదిగా తల తిప్పాడు.

"బొంతయ్యా! నువ్వు చెప్పిన అబ్బో ఇదేనా?"

బొంతయ్య పుట్టమ్మ వెనక్కి జరిగాడు.

అప్పుడు పుట్టమ్మ ముందుకొచ్చింది.

"జిత్తప్పగారూ, నాదొక చిన్న సందేహం. ఆకుమీద అన్నీ కలిపే అని రాశారు కదా. అన్నీ అంటే, ఈ కంచె లోపల ఉన్నవన్నీనా?"

"అన్నీ మేడమ్, అన్నీ!" అన్నాడు జిత్తప్ప, వ్యాపారం అలవాటు కొద్దీ ఛాతీ విరిచి. "ఒక్కటి కూడా మినహాయింపు లేదు!"

"అయితే మీరూ, కొంగగారూ కూడానా?"

సింహం ముఖం విచ్చుకుంది.

"ఆహా!" అన్నాడు. "సదుపాయం అంటే ఇదీ!"

జిత్తప్ప పక్క గదిలోకి పరిగెత్తి గోడ కన్నంలోకి దూకాడు. నడుం దాకా దూరి ఇరుక్కుపోయాడు. సింహం నక్క తోక పట్టి లాగాడు. తోక చేతికొచ్చింది, నక్క అవతలికి పోయింది. కొంగ ఎగరబోయింది కానీ పొట్టనిండా గెస్టుల చేపలు. రెక్కలు టపటపలాడిస్తూ ఒడ్డు వెంట పరుగు లంకించుకుంది. కాకి, కాపలా పందులు, అడ్డొచ్చిన గాడిద, అందరూ తలోదారీ పట్టారు. వాళ్ళ వెనకాల తోకకి గడ్డితాడు ఊపుకుంటూ మృగరాజు, ఇసుక ఎగజిమ్ముతూ, కేకలు పెడుతూ, కూనలా గంతులేస్తూ పరిగెత్తాడు.

సాయంత్రానికి ఆయాసపడుతూ తిరిగొచ్చి ఇసుకలో వెల్లకిలా పడ్డాడు. ఎవరూ దొరకలేదు. అయినా మీసాల చివరిదాకా నవ్వే.

"పట్టాభిషేకం అయ్యాక ఇంతలా ఆడుకోలేదయ్యా," అన్నాడు. "ఆట కూడా కలిపే అన్నారు కదూ? అబ్బో!"

పంచాయతీ ఆ ఏడాది సాగర స్వర్గానికి ఉత్తమ ఆతిథ్య పురస్కారం ప్రకటించింది. పుచ్చుకోవడానికి యజమాని రాలేదు.

జిత్తప్ప పారిపోయిన ఆ సాయంత్రం మాత్రం కచేరీ లేదు, కాపలా లేదు. పోటుమీద ఉన్న సముద్రం ఒడ్డెక్కి వచ్చి పుట్టమ్మని నిలువునా తడిపేసింది. ఆవిడ కెవ్వుమని నవ్వి, మొగుడి చెవికి కట్టిన తాడు పట్టుకుని నీళ్ళలోకి లాక్కుపోయింది.

నీతి: మోసపోయినప్పుడు గోల చెయ్యకండి, మీకంటే పెద్ద కోరలున్నవాడు బయల్దేరేదాకా పొగుడుతూ ఉండండి.