కోచ్ హాగీ మూడు అట్టలు

సెప్టెంబరు మొదటి శనివారం పొద్దున కోచ్ హాగీ పథకం చాలా చిన్నది. గెలవకపోయినా సరే, పరువుగా ఓడాలి. మా టల్ రివర్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు, చుట్టుపక్కల కాలేజీల పోటీ అయిన కాన్ఫరెన్స్ టైటిల్ మొహం చూసి పందొమ్మిదేళ్ళయింది. హాగీకి ఇచ్చింది ఒక్క ఏడాది ఉద్యోగం. మా అయోవాలో మొక్కజొన్న కోతలు ముగిసేలోగా ఆయన సామాను సర్దుకుంటాడని ఊరంతా అనుకుంది, ఆయనతో సహా.

ఆట నడుస్తుండగా మైదానం అంచున మావాళ్ళు ముగ్గురు బొమ్మల అట్టలు పైకెత్తి చూపిస్తారు. ఏ బొమ్మకు ఏ ఎత్తు ఆడాలో కుర్రాళ్ళకు తెలుసు. ముగ్గురిలో ఒకరిదే నిజం, మిగతా ఇద్దరూ అవతలివాళ్ళను తికమక పెట్టడానికి. నిజం అట్ట మనిషికి ఏ రంగు టోపీయో హాగీ నిర్ణయిస్తాడు. ఆ పొద్దున కుర్రాళ్ళకు పసుపు అని చెప్పాడు. టోపీలు పంచే సామాన్ల గది లోర్నాకు మాత్రం ముందురోజు ఎరుపు అని చెప్పి, మార్చిన సంగతి ఆమెకు చెప్పడం మరిచిపోయాడు.

ఆయన బంతి పట్టుకుని పరిగెత్తమంటే జట్టు విసిరింది, విసరమంటే పరిగెత్తింది. తప్పెక్కడుందో ఆయనకు తట్టేసరికి గెలిచి కూర్చున్నారు. రేడియోవాళ్ళు మైకు పెట్టగానే హాగీకి నిజం చెప్పే ధైర్యం చాలలేదు. "అంతా నేను చెప్పినట్టే ఆడారు," అనేశాడు.

రెండో వారం టోపీలు తనే పంచాడు. అయినా అదే వరస, అదే గెలుపు. మూడో వారం లోర్నాను పిలిచి, అట్టలేమైనా కలిపేస్తున్నారా అని అడిగాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ గదిలో ఒక్క మేజోడు పోనివ్వని మనిషి ఆమె. మాట్లాడటం మానేసి, ఆయనకు రెండు సైజులు చిన్న కోటు ఇచ్చింది. అక్టోబరుకల్లా ఊరి హోటల్లో వేయించిన పంది మాంసం శాండ్‌విచ్‌కు హాగీ పేరు పెట్టారు. చర్చి మెట్ల మీద పెద్దవాళ్ళు ఆయన బుర్రను మెచ్చుకునేవాళ్ళు. పిల్లల చెమటను తన పేర రాయించుకుంటున్నానన్న సిగ్గుతో ఆయనకు ముద్ద దిగేది కాదు.

నవంబరులో టైటిల్ ఆట రోజు పొద్దున లాకర్ గది తలుపు వేసి, టోపీల సంగతి, రేడియోలో ఆడిన అబద్ధం అన్నీ కుర్రాళ్ళకు చెప్పేశాడు. ఉద్యోగం పోయినా పోనీ, వీళ్ళు మాత్రం తనను అసహ్యించుకోకూడదని మనసులో వేడుకున్నాడు.

మైదానంలో ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ టోబిన్ తన బూట్ల వంక చూశాడు. "మొదటి ఆటలోనే అట్టలు చూడటం మానేశాం కోచ్. ఏమీ అనుకోకండి, వాటికీ ఎదురుగా ఉన్నదానికీ పొంతనే లేదు. అప్పట్నుంచీ ఎత్తులు నేనే చెబుతున్నా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఆరోజే చెబుదామని వచ్చాం. మీరేమో రేడియోలో అంతా మీరు చెప్పినట్టే ఆడామన్నారు. మీ మాట లెక్కచేయని మా తప్పు మీరే కప్పిపుచ్చారనుకున్నాం. పాత కోచ్ అయితే ఆ మైకులోనే మమ్మల్ని ఉతికేసేవాడు. ఇంక మీకోసమైనా ఓడకూడదనుకున్నాం."

హాగీ కళ్ళు తుడుచుకున్నాడు. తిన్నగా సామాన్ల గదికి వెళ్ళి లోర్నాను క్షమించమని అడిగాడు. ఆమె సరిపడే కోటు తీసిచ్చి, ఈరోజు కూడా అట్టలు కావాలా అంది. అవతలివాళ్ళకు చూడటానికి ఏదో ఒకటి ఉండాలి కదా అన్నాడాయన.

మూడు పాయింట్ల తేడాతో టైటిల్ మాదైంది. ఓడిన కోచ్ వచ్చి చేయి కలిపి, ఆ అట్టల గుట్టు పట్టడానికి ముగ్గురిని ప్రత్యేకంగా కూర్చోబెట్టానని, ఒక్క ముక్క అంతుపట్టలేదని ఒప్పుకున్నాడు.

"నాకూ అంతే," అన్నాడు హాగీ.

ఆ నిజాన్ని కూడా అందరూ ఆయన వినయం కిందే జమకట్టారు.