ఒక కల మీద ఏకగ్రీవ తీర్మానం

మితభక్తులతో ఇక ఎలాంటి రాజీ ఉండబోదని తిరువూరు హేతువాద సంఘం అధ్యక్షులు హనుమయ్య గారు బోసుబొమ్మ సెంటర్లో విలేకరుల సమావేశం పెట్టి ప్రకటించారు. విలేకరులు ఇద్దరు వచ్చారు. అందులో ఒకాయన బస్సు కోసం నిలబడ్డాయన. ఆ సాయంత్రం ఊరు యథావిధిగా బజ్జీలు తిన్నది గానీ, అది చారిత్రక ప్రకటన అని నేను ఘంటాపథంగా చెప్పగలను. ఆ సెంటర్లో నాకు డీటీపీ షాపుంది. దాన్ని టైపు చేసింది నేనే.

హనుమయ్య గారి సిద్ధాంతం లోతైనది. మూఢభక్తుడు తెలియక చేస్తాడు, పోనీలే అనుకోవచ్చు. పొద్దున బీపీ బిళ్ల వేసుకుని, సాయంత్రం దండం పెట్టుకుని, సైన్సు కూడా గొప్పదే సుమండీ అనే మితభక్తుడే అసలు ప్రమాదం. మూఢభక్తుడికి గొడుగు పట్టేది వాడే. ముందు ఆ గొడుగు విరగ్గొట్టాలి. ఉపాధ్యక్షురాలు సరోజినీదేవి గారు కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. ఊరంతా భక్తులే అయినచోట మెత్తగా ఉన్నవాళ్లనైనా కలుపుకోకపోతే సంఘంలో మిగిలేది కుర్చీలేనని ఆవిడ వాదం. ఇద్దరూ మేధావులు కావడంతో ఈ చర్చ కొన్నేళ్లుగా ఉన్నత స్థాయిలో సాగుతోంది. అందువల్ల సంఘానికి వేరే పని చేయాల్సిన అవసరం రాలేదు.

ఆ అవసరం రూత్ తెచ్చింది. ఆ అమ్మాయి అంగన్‌వాడీలో పనిచేస్తుంది. వినగడప దారిలో ఒక మామిడితోటలో నూనె అయ్యగారని ఒకాయన వెలిశాడు. క్రైస్తవులకు నూనె ఇస్తాడు, హిందువులకు విభూతి ఇస్తాడు, మందులు మాత్రం అందరినీ మానెయ్యమంటాడు. ఇంతటి మతసామరస్యం జిల్లాలో ఎక్కడుందని వార్డు నాయకుడు గిరిబాబు ఆయనకు షామియానా వేయించి, పక్కన తన ఫొటోతో ఫ్లెక్సీ కట్టించాడు. రూత్ అత్తగారు అంతోనమ్మది ఎప్పటినుంచో ఉన్న షుగరు. ఆ నూనె తాగాక ఇన్సులిన్ ముట్టనంటోంది. కాలి పుండు నల్లబడుతోంది. కొడుకు చెప్పినా, నర్సు చెప్పినా వినడంలేదు. సంఘంవాళ్లొచ్చి నూనె గుట్టు విప్పితే వింటుందేమోనని రూత్ ఆశ. సుందరరావు మాస్టారు కూడా వస్తానన్నారని చెప్పింది.

సుందరరావు గారు రిటైర్డ్ హెడ్మాస్టరు. ఫాదరు గారు రాలేని ఆదివారాల్లో చర్చిలో ప్రార్థన నడిపించే ఉపదేశి. ప్రార్థన చేసుకో, ఇంజెక్షనూ చేయించుకో అని అంతోనమ్మకు చెబుతానన్నారట.

హనుమయ్య గారు కళ్లజోడు తీశారు.

"రెండో మాట బాగుంది. మొదటి మాట తీసేస్తాడా?"

"తీసేస్తే మా అత్తమ్మ వినదండి," అంది రూత్.

"తియ్యకపోతే మేం రామమ్మా."

సరోజినీదేవి గారు అడ్డుపడి, మాటల వరస మారిస్తే సరిపోతుందన్నారు. ఇంజెక్షను ముందు, ప్రార్థన తర్వాత. హనుమయ్య గారు తర్వాతైనా కుదరదన్నారు. 'ప్రార్థన మీ ఇష్టం' అందామని ఒకరు, ఇష్టమనడం ప్రోత్సహించడమేనని ఇంకొకరు. ఆ ఒక్క వాక్యం ఖరారు చేయడానికి సబ్ కమిటీ వేశారు. 'కూడా' అన్న మాట దగ్గర ఒక రాజీనామా పడింది, కామా దగ్గర ఇంకొకటి. రూత్ రోజూ అంగన్‌వాడీ నుంచి వస్తూ నా షాపు ముందు ఆగి, ఎంతవరకు వచ్చిందండీ అని అడిగేది. వాక్యం మొదటి సగం మీద అవగాహన కుదిరింది, ధైర్యంగా ఉండమని సరోజినీదేవి గారు ఆ అమ్మాయి భుజం తట్టారు. రెండో సగం మీద సంఘం రెండుగా చీలిపోయింది. బోర్డులు రెండూ నా దగ్గరే చేయించారు.

అప్పటికి అంతోనమ్మ మంచం దిగడం మానేసింది.

చివరికి మాస్టారు ఒక్కరే బయల్దేరారు. ఆయన్ని బండి మీద దించింది నేనే. ఆయన నూనె ఊసెత్తలేదు. మంచం పక్కన స్టూలు వేసుకుని, చేతులు నలుపుకుంటూ కూర్చున్నారు.

"అంతోనమ్మా, రాత్రి నాకు కలొచ్చింది. దేవదూత కనబడ్డాడు. ఇన్సులిన్ ఎందుకు ఆపనిచ్చావని నన్ను కోప్పడ్డాడు."

ఆవిడ ఆయన వంక తేరిపార చూసింది.

"మానేసింది నేనైతే, నిన్నెందుకు కోప్పడ్డాడయ్యా?"

"ఉపదేశిని కదమ్మా. అడిగితే నన్నే అడుగుతారు."

తనవల్ల మాస్టారు మాట పడ్డారన్నది ఆవిడకు బాధేసినట్టుంది. ఇంజెక్షనుకు చెయ్యి చాపింది. ఆ సాయంత్రమే బెజవాడ ఆస్పత్రికి తీసుకెళ్లారు. కాలి వేలు ఒకటి తీసేశారు గానీ మనిషి దక్కింది. వెంట వెళ్లిన నాతో బస్సులో తిరిగొస్తూ మాస్టారు, బడిలో ఇన్నేళ్లూ పిల్లలకు అబద్ధం ఆడొద్దనే చెప్పానండీ అన్నారు.

కల సంగతి ఊరంతా పాకింది. హేతువాదులు వెంటనే మేల్కొన్నారు. చీలిన రెండు సంఘాలూ అత్యవసరంగా కలిసి కూర్చున్నాయి. శాస్త్రీయ ఆధారం లేని కల ద్వారా ఇన్సులిన్ ఎక్కించడాన్ని తీవ్రంగా ఖండిస్తూ తీర్మానం చేశాయి. ఎవరూ వ్యతిరేకించలేదు, ఒక్క కామా కూడా మార్చలేదు. కలుపుకుపోవాలనే సరోజినీదేవి గారే తీర్మానం ప్రవేశపెట్టారు. తన మెతకదనం మీద పడ్డ నింద అలా పోయింది. ఆస్పత్రి కాయితాలు జిరాక్సు తీయించుకోవడానికి వచ్చిన రూత్ అది చదివి, మరి నూనె అయ్యగారి మీద ఏం తీర్మానించారని అడిగింది. అజెండాలో ఉంది, టైము చాలలేదని చెప్పాను. మంచిదండి అని కాయితాలు సంచీలో పెట్టుకుని వెళ్లిపోయింది.

న్యాయంగా చెప్పాలంటే హనుమయ్య గారి భయం ఊరికే పోలేదు. మాస్టారింటి ముందు జనం మూగడం మొదలుపెట్టారు. మోకాళ్ల నొప్పులవాళ్లు, పిల్లలు లేనివాళ్లు, బోరు పడనివాళ్లు వచ్చి తమకోసం ఒక కల కనమనేవారు. నూనె అయ్యగారికి గిరాకీ తగ్గడంతో గిరిబాబు షామియానా విప్పించి ఇక్కడ వేయించాడు. ఈసారి తనకు టికెట్టు వస్తుందో రాదో కాస్త చూసిపెట్టమన్నాడు. కలా లేదు, గిలా లేదని మాస్టారు మొత్తుకున్నారు. ఎంత వినయమో అని జనం ఇంకా దగ్గరికి జరిగారు. చూశారా, గొడుగు అన్నానా లేదా అని హనుమయ్య గారు సెంటర్లో గర్వంగా చెప్పారు.

టైపు చేసిన చర్చి పాటల కాయితాలు ఇవ్వడానికి ఒకరోజు పొద్దున్నే, జనం చేరకముందే నేను మాస్టారింటికి వెళ్లాను. వెనక వసారాలో హనుమయ్య గారు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి కాస్త ఇబ్బంది పడ్డారు గానీ, లేవలేదు. పెనుగొలనులో ఉండే ఆయన అన్నగారు గుండెకు స్టెంటు వేయించుకోనని మొండికేశారట. విభూతి చాలంటున్నారట. డాక్టరు ఆలస్యం చేయొద్దన్నాడట.

"ఆ కల అబద్ధమండి," అన్నారు మాస్టారు.

"తెలుసు. అందుకే వచ్చాను. నిజమైన కలైతే నేను ఒప్పుకుంటానా?"

మాస్టారు తల పట్టుకున్నారు. హనుమయ్య గారి అన్న వెంకటేశ్వరస్వామి భక్తుడు. ఆ స్వామి తన కల్లోకి వచ్చాడంటే ఫాదరు గారు ఊరుకోరు. దేవదూత వచ్చాడంటే అన్నగారు ఊరుకోరు.

"ఎవరు చెప్పారని చెప్పమంటారండీ?"

హనుమయ్య గారు వీధి వైపు చూసి, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"పేర్లెందుకు మాస్టారూ. దేవుడు చెప్పాడనండి. మా అన్నయ్య నమ్ముతాడు."