పులిగారి పచ్చ చూపు

ఒక పెద్ద అడవిలో, అంత పెద్ద అడవికీ కలిపి ఒక్కటే ఆఫీసు ఉండేది. ఆఫీసంటే గోడలూ బల్లలూ కావు, ఒక నల్లమద్ది చెట్టు. ఒక్కో కొమ్మ ఒక్కో శాఖ. ఎవరికి ఏ కష్టమొచ్చినా మోదుగాకు మీద రాసుకొచ్చి, ఆ శాఖ కొమ్మకు గుచ్చి పోయేవారు. పులిరాజు పొద్దున్నే వచ్చి తల పైకెత్తి అన్నీ చదివేవాడు. చదివాక ఆ పూట ఆయనకు తిండి సహించేది కాదు.

"ఇన్ని కష్టాలు ఒకేసారి చూస్తే ఎవరికైనా మెడ పట్టేస్తుంది. ఇవి ఇలా కనబడకుండా ఉండే దారి ఏదైనా ఉందా?" అన్నాడొకనాడు.

కష్టాలు లేకుండా చేసే దారి అడగలేదు, గమనించండి.

పొరుగడవిలో శిక్షణ పొంది వచ్చిన ఊసరవెల్లి ముందుకొచ్చాడు. "చెట్టు జోలికి పోనక్కర్లేదు మహారాజా. చూసే కిటికీ మారిస్తే చాలు!"

పదిహేను రోజుల్లో వెదురు బద్దల కిటికీలు తయారయ్యాయి. ఆకులకు రంగు చీటీలు కట్టారు. ఎరుపంటే వెంటనే చెయ్యాల్సిన పని, పసుపంటే ఆలోచనలో ఉన్న పని, పచ్చంటే అయిపోయిన పని. కిటికీ దగ్గర ఏ రంగు గులకరాయి నొక్కితే ఆ రంగు చీటీలున్న ఆకులే కనబడతాయి. మిగతావాటి ముందుకు కొండముచ్చులు తాటాకు తడికలు లాగేస్తాయి.

"ఎవరి కిటికీ వారిది, ఎవరి చూపు వారిది," అన్నాడు ఊసరవెల్లి, ఒక కన్ను రాజు మీద, ఇంకో కన్ను మంత్రి మీద పెట్టి.

పులిరాజు పచ్చరాయి నొక్కాడు. చెట్టంతా అయిపోయిన పనులే! "మన పాలన ఇంత బాగుందని నాకే తెలియదే!" అని మురిసిపోయాడు. ఆ రాయి మీద నుంచి పంజా మళ్ళీ తియ్యలేదు. పనుల శాఖ చూసే ఏనుగు మంత్రి పసుపు ఒక్కటే ఉంచుకున్నాడు. ఆలోచనలో ఉన్న పనిని ఎవరూ చెయ్యమనరు కదా. ఎలుగుబంటి అయితే తేనెకని వేరే చీటీ వేయించుకుని, అది తప్ప ఇంకేదీ చూడటం మానేసింది.

ఇవేవీ ఈరమ్మకు తెలియవు. ఈరమ్మ ఒక ముళ్ళపంది. వాగుకు అడ్డంగా వేసిన మట్టికట్ట కింద ఆమె బొరియ. కట్టకు బీట పడింది. ముల్లు దూరేంత బీట కాస్తా మూతి దూరేంతైంది. బొరియలో ముళ్ళింకా గట్టిపడని పిల్లలు ముగ్గురు. బయటికి తెస్తే తోడేళ్ళు, లోపల ఉంచితే నీళ్ళు. వానలకింక వారమే ఉంది.

తన ముల్లే ఒకటి పీకి, "వాగుకట్టకు బీట పడింది. పూడ్పించండి" అని రాసి, పనుల శాఖ కొమ్మకు గుచ్చి వచ్చింది. రెండు రోజులు చూసింది. ఎవరూ రాలేదు. చివరికి కొండముచ్చు గుమాస్తా దగ్గరికెళ్ళింది.

"నాయనా, నా ఆకు సంగతేమైంది?"

గుమాస్తా కిటికీలోంచి చూశాడు. "నీ ఆకు లేదే!"

"నీ నెత్తి మీదే వేలాడుతోంది కదయ్యా!"

చూడాలంటే కిటికీ వదిలి ఒక్కడుగు ఇవతలికి రావాలి. గుమాస్తా రాలేదు. "దానికి చీటీ కట్టి ఉండరమ్మా. చీటీ లేనిది కనబడదు."

"అయితే కట్టు."

"కనబడనిదానికి ఎలా కట్టేది?"

ఈరమ్మకు ఒళ్ళు మండిపోయింది. ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. "పోనీ ఒక ఎర్రచీటీ నా మొహాన పడెయ్యి, నేనే కట్టుకుంటా."

"ఎర్రవి చెయ్యడం మానేశారు. రాజుగారి కళ్ళు మండుతున్నాయట. పచ్చవైతే ఉన్నాయి, గంపలకొద్దీ. ఎన్ని కావాలంటే అన్ని పట్టుకెళ్ళు."

ఈరమ్మ గంపల వంక చూసింది. పిల్లలు గుర్తొచ్చారు.

"ఒక్కటి చాలు నాయనా," అంది.

మర్నాడు పులిరాజు కిటికీలో కొత్త ఆకు కనబడింది. "వాగుకట్టకు బీట పడిందా! దాన్ని మనం పూడ్చేశామా! ఏనుగు మంత్రీ, ఇంత పని చేసి ఒక్క మాటైనా చెప్పలేదేం?"

ఏనుగు మంత్రికి ఆ బీటా తెలియదు, ఆ కట్టా తెలియదు. కానీ వచ్చి ఒళ్ళో పడ్డ పొగడ్తను ఎవరు వదులుకుంటారు? "చిన్న పనికి చాటింపెందుకని ఊరుకున్నాను మహారాజా," అన్నాడు తొండం వంచి.

"అలా వీల్లేదు. రేపు ఆ కట్ట మీదే సభ. అక్కడే నీకు సన్మానం!"

మర్నాడు కొలువంతా కట్టెక్కింది. మెడలో అడవిమల్లెల దండతో ఏనుగు మంత్రి వచ్చి సరిగ్గా బీట మీద కాలేశాడు.

కట్ట ఇక ఓపలేకపోయింది. మంత్రి నడుం దాకా దిగబడి, పడ్డ గండికి బిరడాలా ఇరుక్కున్నాడు. పులిరాజు వెనక్కి జారి, జారి, బొరియ ముందు బురదలో కూలబడ్డాడు. అక్కడ ఈరమ్మ ముళ్ళు లేపి పిల్లలకు కాపలా కాస్తోంది. రాజుగారి కేక మూడు కొండల అవతలికి వినబడింది.

"కదలకు మంత్రీ! నువ్వు కదిలితే నేను మునిగిపోతాను!"

"కదలాలన్నా కుదరదు మహారాజా!"

"తమరితో పాటు నా పిల్లలూ మునుగుతారు," అంది ఈరమ్మ. ఆమె కష్టం రాజుగారికి కిటికీ అడ్డం లేకుండా తెలియడం అదే మొదలు.

ఇక చూడాలి హడావుడి! ఎలుగుబంటి తేనె మాట మరచి బండరాళ్ళు దొర్లించింది. కొండముచ్చులు పచ్చచీటీలు కుమ్మరించి, ఆ గంపలతోనే మట్టి మోశాయి. కిటికీల వెదుళ్ళు విరిచి గుంజలు పాతారు, తడికలు అడ్డం పెట్టారు. పొద్దు వాలేసరికి మంత్రిని పైకి లాగి, కట్టను రాయిలా చేసేశారు. నాలుగో నాడు కుండపోత వాన కురిసింది. బొరియలోకి చుక్క రాలేదు. పిల్లలు ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయారు. ఈరమ్మ కూడా ఆ సీజనులో మొదటిసారి కంటినిండా నిద్రపోయింది.

వెనకభాగంలో ఆఖరి ముల్లు ఊడకముందే పులిరాజు కొత్త కిటికీకి ఆర్డరు వేశాడు. ఈసారి ఇంకాస్త పెద్దది.

అది వచ్చిన రోజున మద్దిచెట్టు కింద తెల్లారేసరికే పెద్ద బారు. జింకలు, కుందేళ్ళు, ఉడుములు, చివరన ఆయాసపడుతూ తాబేలు, అందరూ ఆకులు పట్టుకుని నిలబడ్డారు.

"ఏం కావాలి?" అన్నాడు గుమాస్తా.

"పచ్చచీటీ," అన్నారు అందరూ.

నీతి: పని జరగాలంటే, అది ఎప్పుడో అయిపోయిందని ముందుగా పైవాళ్ళకు తెలియజేయాలి.