పిట్ట ముట్టని ముద్ద

సోమవారం పొద్దున లీలావతి అనుకున్న పని చిన్నదే. తొమ్మిదింటికి తొట్టిలోంచి చచ్చిన మేకపోతును తీయించాలి, కడిగించి బల్లమీద పడుకోబెట్టాలి, పదింటికి పరీక్ష మొదలుపెట్టాలి. సూర్యాపేట దగ్గరి పశువైద్య పాలిటెక్నిక్‌లో ఆమె అనాటమీ మేడం. కళేబరాలు చెడకుండా పోసే ఫార్మలిన్ ఘాటుకు తనకూ పిల్లలకూ కళ్లు మండి, దగ్గు పట్టుకుంటే, రెండేళ్లు కొట్లాడి ఉప్పునీళ్ల తొట్టి కట్టించింది. "నీ మేక చెడిపోయిందో, తెల్లారే మిర్యాలగూడ నుంచి ఫార్మలిన్ డబ్బాలు దిగుతయి" అని ప్రిన్సిపాల్ ముందే చెప్పి ఉన్నాడు.

లీలావతి రేకు మూత ఎత్తింది. నీళ్లమీద బెత్తెడు నురగ. నురగ మీద తెల్లటి బూజు. బూజు మధ్యలోంచి మేకపోతు వీపు.

"మల్సూర్!"

అటెండరు మల్సూర్ ఉరికొచ్చాడు.

"ఇదేంది?"

"బూజు మేడం."

"నాకు కండ్లున్నయి! ఎట్లొచ్చిందని అడుగుతున్న."

"పోయిన వారం జరంత కనిపిస్తే ఇంకో బస్తా ఉప్పు పోయమన్నరు. పోసిన. ఉప్పెక్కువై మేక తేలింది. వీపు బయటపడంగనే దానికీ బూజు పట్టింది. మీద బండ పెట్టి ముంచిన. బండ జారి అడుగున పడ్డది, మేక మళ్ల లేసింది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే తిడతరని."

"ఇప్పుడు తిట్టనా మరి?" ఆమె వంగి వాసన చూసి నిటారుగా లేచింది. "కల్లు వాసన! తాగొచ్చినవా?"

"ముట్టక మూడేండ్లాయె మేడం! కావాల్నంటే నా నోరు వాసన సూడుండ్రి."

"నీ నోరు వాసన చూసుడొక్కటే తక్కువైంది నాకు!"

మల్సూర్ కాకపోతే పిల్లలే. ఆమె ముప్పైమందినీ వరండాలో వరుసగా నిలబెట్టి, హాస్టల్లో రాత్రి ఎవరు తాగారని గద్దించింది. ఒకడు భయపడి, ఎవరూ అడగకుండానే, కిందటి నెల కాపీ కొట్టిన సంగతి ఒప్పుకున్నాడు. అతణ్ణి వేరేగా తిట్టింది. సరిగ్గా అప్పుడే కోదాడ నుంచి పరీక్షాధికారి డాక్టర్ అబ్రహాం దిగాడు.

"ఏంటండీ మేడం, ఇది అనాటమీ హాలా, కల్లు దుకాణమా?"

అంతలో వెనక తలుపు తోసుకుని సైదమ్మ వచ్చింది. పెన్‌పహాడ్ నుంచి రోజూ హాస్టల్‌కు పాలు పోసే ముసలామె. ఆ మేకపోతు ఆమెదే. కడుపుబ్బి చస్తే, మాంసానికి కోసేవాళ్లకు ఇవ్వనని, పిల్లల చదువుకు తానే ఇచ్చింది. ఎవరివంకా చూడకుండా తొట్టి దగ్గరికి పోయి కొంగు చాటునుంచి సీసా తీసింది.

"ఆగమ్మా! ఏం పోస్తున్నవ్?"

"కల్లు. కల్లంటే దానికి పాణం."

సైదమ్మ సీసా బిరడా తీసింది.

"అది సచ్చిన మూడో దినం నుంచి పెడుతున్న బిడ్డా. పెరుగన్నం పెట్టిన, పిట్ట ముట్టలె. బెల్లమన్నం పెట్టిన, పిట్ట ముట్టలె. ఈ రేకుల కొట్టంల కాకి యాడికెళ్లి వస్తది? అందుకే దాని నోటికాడనే ఏసిన. మొన్న అదే లేసి పైకొచ్చింది. ఆశ తీరలేదని కల్లు తెస్తున్న."

"అది ఉప్పుకు తేలిందమ్మా! అన్నం, కల్లు పోస్తే సూక్ష్మజీవులు పెరగవా? నా రెండేండ్ల కష్టం తొట్ల పోసినవ్!"

"నన్నే అంటవా?" సైదమ్మ గొంతు పెంచింది. "పదకొండేండ్లు సాదిన. సచ్చినోళ్లకు ముద్ద పెట్టేది ఎందుకే? నిమ్మళంగ పోనీకి. నేను తోలనీకి సూస్తుంటే మీరు ఉప్పు పోసి పోనిస్తలేరు!"

లీలావతి సీసా లాక్కుంది.

ఈలోగా అబ్రహాం చేతులకు తొడుగులు వేసుకుని, మేకను పక్కకు తిప్పి, తొడ దగ్గర చిన్నగా కోశాడు. లోపలి కండరం వేరువేరుగా, శుభ్రంగా ఉంది. వాసన చూశాడు. ఇంకోచోట కోశాడు.

"ఎన్నాళ్లబట్టి పోస్తున్నావమ్మా?"

"ఇరవై దినాలాయె. ముందు కత్తి తియ్యి! అంత గట్టిగ పొడుస్తరా? జర మెల్లగ!"

అబ్రహాం చటుక్కున కత్తి తీశాడు. "పెరుగు, బెల్లం, అన్నం, కల్లు. మేడం, ఒక కళేబరాన్ని కుళ్లబెట్టమని నన్ను అడిగినా నేను ఇంతకన్నా బాగా చేయలేను. అయినా చెడింది పై నీళ్లే. వీపు మీద బూజు తుడిస్తే పోతుంది. లోపల ఒక్క నరం చెడలేదు. మీ ఉప్పునీళ్లే ఉంచమని రాస్తాను. ఫార్మలిన్ ఎందుకండీ?"

"ఆ మాట రాంగనే చెప్పొచ్చు కద సార్!" లీలావతి అతనిమీదే ఎగిరింది. "గొంతు పోయింది నాకు!"

సైదమ్మ గడపమీద కూలబడింది. "అయితే ఇంకెన్నాళ్లుంటది గిట్ల?"

"ఏండ్లు ఉంటదమ్మా," అంది లీలావతి.

"ఏండ్లా!" ముసలామె లేచి తొట్టి అంచు పట్టుకుంది. "మరి రోజూ సూడనిస్తవా?"

"చూడు. ఒట్టి చేతులతో రా. సీసా కనిపించిందా, గేటు దాటనియ్య."

పరీక్ష పదకొండున్నరకు మొదలైంది. ఆ పూట ఆ హాల్లో ఎవరిచేతా తిట్లు తినకుండా మిగిలింది మేకపోతు ఒక్కటే.