సర్పంచిగారి నోరు తెరిచిన రోజు

గుత్తుల నాగవరాలు ఏ మాట అన్నా అది ఇరవై రెండేళ్లుగా ఆమె భర్త సత్తిరాజు నోట్లోంచే బయటికి వస్తోంది. ఇందులో వింతేమీ లేదు. మనిషి పుట్టగానే రిజిస్ట్రారు ఆఫీసులో ప్రోగ్రాం నడిపిస్తారు. అది వినడానికి ఒక ఇన్‌పుట్ ఫైలు, మాట్లాడడానికి ఒక అవుట్‌పుట్ ఫైలు తెరుస్తుంది. మొదటిది చెవికి, రెండోది నోటికి. పెళ్లి రిజిస్టరైన నాడు ఆడపిల్ల అవుట్‌పుట్‌ని మొగుడి నోటికి మళ్లిస్తారు. ఇంటికి రెండు నోళ్లెందుకన్నది పెద్దల ఆలోచన. చెవిని మాత్రం కదపలేదు, చెప్పింది వినాలి కదా.

అందరికీ అలవాటైపోయిన వ్యవహారమే. టీ కొట్టు దగ్గర పేపరు చదువుతున్న సత్తిరాజు ఉన్నట్టుండి "కందిపప్పు నిండుకుంది" అనేవాడు. పక్కనున్నవాళ్లు "ఇంటి దగ్గర్నుంచా?" అని అడిగి మళ్లీ పేపర్లో తల దూర్చేవారు.

నాగవరాలు సర్పంచి అయ్యాకే చిక్కొచ్చిపడింది. ఊరి మంచినీళ్ల ట్యాంకు ఫిల్టరులో ఇసుక మార్చి తొమ్మిదేళ్లయింది. ముగ్గురు పిల్లలు పచ్చకామెర్లతో ఆస్పత్రిలో పడున్నారు. ఆ సంగతి గ్రామసభలో చెబుదామని ఆమె నోరు విప్పినప్పుడల్లా సత్తిరాజు ఒక కిళ్లీ తీసి దవడలో కుక్కుకునేవాడు. ఇసుక మార్చాలంటే ట్యాంకు ఆపి చుట్టూ తవ్వాలి. తవ్వితే అతని తమ్ముడి ఐసు ఫ్యాక్టరీకి వెళ్లే దొంగ పైపు బయటపడుతుంది. కిళ్లీ ఉమ్మేశాక లోపల ఆగిన మాటలన్నీ ఒక్కసారిగా ఊడిపడేవి. ఓసారి సెలూన్‌లో, గడ్డానికి నురగ పట్టించి ఉండగా, "ఫిల్టరు ఇసుక మార్చాలి, పిల్లలు చచ్చిపోతారు" అని అతను గట్టిగా అన్నాడు. గడ్డం గీస్తున్న మనిషి కత్తి తుడుచుకుని "అలాగేనండి" అన్నాడు.

అందుకే ఆమె సొంత నోటికి దరఖాస్తు పెట్టుకుంది. పద్నాలుగు నెలలు తిప్పాక, సరిగ్గా గ్రామసభ రోజు పొద్దున రమ్మని కబురొచ్చింది. సభ మూడింటికి. నాగవరాలు కాలు ఒకచోట నిలవలేదు. కాఫీలో పంచదారకి బదులు ఉప్పేసి సత్తిరాజుకిచ్చి, ఏడున్నర బస్సెక్కేసింది.

ఆఫీసులో ఆపరేటరు నాలుగు మీటలు నొక్కి, "ఏదో ఒకటి అనండమ్మా, చూద్దాం" అంది.

ఇరవై రెండేళ్ల మాటలు నాలుక చివర ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. "నా పేరు నాగవరాలండి" అంది ఆమె. తన గొంతే! కాస్త బొంగురుపోయింది, అయినా తనదే. "వచ్చిందండి! ఆయ్, వచ్చేసిందండి!" అని బల్ల మీద చరిచింది.

"అవుట్‌పుట్ తెరుచుకుంది. ఇక్కడ సంతకం పెట్టండి" అంది ఆపరేటరు.

తిరుగు బస్సులో నాగవరాలు నోరు మూసుకోలేదు. కనిపించిన కొట్టు పేరల్లా చదివింది. పక్క సీట్లో ఉన్న తమ ఊరామెకి ఫిల్టరు సంగతంతా చెప్పింది. ఆమె కిటికీలోంచే చూస్తూ కూర్చుంది. చక్రాల మోతకి వినపడలేదేమోలే అనుకుంది నాగవరాలు. ఆ సంతోషంలో ఆమెకి అదో లెక్కలోకి రాలేదు.

మూడింటికి స్కూలు షెడ్డులో సభ మొదలైంది. సత్తిరాజు కుర్చీలో సర్దుకుని, అలవాటు ప్రకారం కిళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. నమలుకో నాయనా, నాకేం, అనుకుని నాగవరాలు లేచింది. పది నిమిషాలు మాట్లాడింది. ఇసుక గురించి, పిల్లల గురించి, పైపు గురించి కూడా చెప్పేసింది. అంత బాగా మాట్లాడగలనని ఆమెకే తెలియదు.

ఒక్కరూ తల తిప్పలేదు. పంచాయతీ సెక్రటరీ జేమ్స్‌బాబు సత్తిరాజు వైపు తిరిగి, "ఫిల్టరు గురించి సర్పంచిగారేమంటారండి?" అని అడిగాడు. సత్తిరాజు నములుతూ అక్కర్లేదన్నట్టు చెయ్యూపాడు.

నాగవరాలు ఒక కాగితం మీద "నేను మాట్లాడేది వినపడట్లేదా?" అని రాసి సెక్రటరీ ముందు పెట్టింది.

అతను మర్యాదగా లేచి నిలబడ్డాడు. "మీ నోరు తెరుచుకోలేదని నేననను మేడమ్. ఈ ఊళ్లో చెవులన్నీ మీ మాట కోసం సారుగారి నోటికే తెరిచున్నాయండి. ఎవరి చెవికి వాళ్లు దరఖాస్తు పెట్టుకోవాలి. మొత్తం మూడువేల ఎనిమిదివందల మంది."

మరి ఇంతసేపూ తను చెవిటివాడి ముందు శంఖం ఊదిందన్నమాట. నాగవరాలుకి అరికాలి మంట నెత్తికెక్కింది. చేతికందిన స్టీలు గ్లాసు తీసి నేలకేసి కొట్టింది.

"మీ నోట్లో మన్నుపడ! ఆ నీళ్లు తాగి పిల్లలు చస్తంటే మీకు చీమ కుట్టినట్టన్నా లేదేంట్రా!"

షెడ్డంతా ఉలిక్కిపడింది. చిన్నపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. సత్తిరాజు నోట్లో కిళ్లీ అలాగే ఉండిపోయింది. అందరికీ వినిపించింది.

"మూడో ఫైలండి అది" అన్నాడు జేమ్స్‌బాబు చెమట తుడుచుకుంటూ. "ఎర్రర్‌ది. తప్పు జరిగితే వెంటనే తెలియాలి కదండి, అందుకని దాన్ని ఎటూ మళ్లించరు. ఏడుపులు, కేకలు, తిట్లు ఎవరివి వాళ్ల నోటి నుంచే వస్తాయి, అందరికీ వినపడతాయి."

"అలాగా!" అని అరిచింది నాగవరాలు. ఆమెకి పట్టరాని ఆనందం కలిగింది. అదే గొంతుతో, గుండెలు బాదుకుంటూ, ఇసుక మార్చాలన్న తీర్మానాన్ని మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా శాపనార్థాల్లా చదివింది. తేదీని కూడా తిట్టినట్టే చెప్పింది. తీర్మానం నెగ్గింది.

వారంలో ట్యాంకు ఆపారు. తవ్వకంలో పైపు బయటపడింది, కోసేశారు. కొత్త ఇసుక పోశారు. పిల్లలు ముగ్గురూ ఇంటికొచ్చారు. అప్పట్నుంచి నాగవరాలు వీధి దీపాల గురించి చెప్పాలన్నా జుట్టు ముడి విప్పుకునే చెబుతోంది. మిగతా ఇళ్లలో ఆడవాళ్లు కూడా కిటుకు పట్టేశారు. ఊళ్లో పనులు చకచకా అవుతున్నాయి.

ఊరు కూడా ఆమెని మెచ్చుకుంటుంది. పనిమంతురాలేగానీ ఆ నోరే మంచిది కాదు, సత్తిరాజు కాబట్టి కాపురం చేస్తున్నాడు పాపం, అంటారు. మొన్న పెద్దలు నలుగురు ఇంటికొచ్చి, "నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్దమ్మా. కాస్త నెమ్మదిగా చెబితే మేం వినమంటామా?" అన్నారు.

నాగవరాలు చాలా నెమ్మదిగా జవాబు చెప్పింది. వాళ్లు ఆమె జవాబు కోసం సత్తిరాజు వైపు చూస్తూ కూర్చున్నారు.