ఏడున్నర హార్స్‌పవర్ అభివృద్ధి

బావులు ఎండుతున్నాయంటే ఊరు ముందుకు పోతున్నట్టే! నమ్మకపోతే పుదుచ్చేరి బజారులో పంపుసెట్లమ్మే పట్టాభిని అడగండి.

దగ్గర్లోని ఏంబలం అనే ఊళ్లో మొదటి కరెంటు మోటారు దిగింది ఆయన చేతి మీదుగానే. డెబ్భై ఎనిమిదిలో లోకనాథన్ అనే పెద్దరైతు బోరు వేయించి, మూడు హార్స్‌పవర్ మోటారు బిగించాడు. మరుసటి ఎండాకాలానికి పక్క పొలం ముత్తు బావి అడుగంటింది. ముత్తు నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడా? లేదు. బజారుకు వచ్చి ఐదు హార్స్‌పవర్‌ది పట్టుకుపోయాడు. దాంతో లోకనాథన్ బోరు వట్టిపోయింది. ఆయన మరింత లోతుకు దింపి ఏడున్నరది బిగించాడు. వాళ్లను చూసి ఊరంతా కొన్నారు. నీళ్లు పాతాళానికి దిగేకొద్దీ పట్టాభి కొట్టు మీద మేడ లేచింది. ఇంతకన్నా అభివృద్ధి ఎక్కడుంటుంది?

ఈ పరుగులో వెనకబడ్డ మనిషి ఒక్కతే, కనకం. ఆ ఇద్దరి పొలాలను ఆనుకుని ఆమెకు ఒక్క ఎకరం. తాతలనాటి బావి, వేరుసెనగ, కాస్త వంగతోట. ఆ బావీ ఎండింది. ఆమె కొట్టుకు వస్తే పట్టాభి కుర్చీ వేయించి, బ్యాంకు లోను సంగతి, సబ్సిడీ సంగతి ఓపిగ్గా చెప్పాడు. ఒక్క ఎకరానికి లోను రాదని బ్యాంకువాళ్లు ఆమెను అప్పటికే తిప్పి పంపారు.

"నీళ్లు తోడే మోటార్లు ఊరంతా ఉండాయన్నా. బాయిలో నీళ్లు పోసే మోటారు ఏమన్నా ఉంటే ఇయ్యి" అంది కనకం.

పట్టాభి నొచ్చుకున్నాడు. సైన్సు తెలియనివాళ్లకు ఏమని చెప్పడం? ఆ ఏడే ఆమె ఎకరాన్ని లోకనాథన్‌కు అమ్మేసి, అదే చేలో కూలికి కుదిరింది. ఆ కబురు విని పట్టాభి సంతోషించాడు. ఒక మనిషికి ఉద్యోగం దొరికింది కదా!

ఎనభై నాలుగు మే నెలలో చెల్లప్పన్ అనే ఆఫీసరు గ్రామాభివృద్ధి సర్వేకు బయల్దేరితే, దారి చూపడానికి పట్టాభి కూడా జీపెక్కాడు. ఏంబలంలో మోటార్లు తొంభై తేలాయి. ఆఫీసరు మెచ్చుకుంటూ ఫారం నింపాడు. ఎండకు ఆయన నోరు పిడచకట్టింది. లోకనాథన్ పరుగున పోయి స్విచ్చి వేశాడు. గొట్టం దగ్గింది, ఇంత బురద కక్కింది, ఆపైన వట్టి గాలి. ముత్తు మోటారు వేసి చూశారు. అదీ అంతే. అయితేనేం, నీళ్లున్నాయా లేవా అని రాసే గడి ఫారంలో లేదు. ఊరికి మార్కులేమీ తగ్గలేదు.

గట్టు మీద కూలివాళ్లతో కూర్చున్న కనకం లేచి, తన బిందెలోంచి చెంబుతో ముంచి ఇచ్చింది. ఆఫీసరు రెండు చెంబులు తాగాడు. పట్టాభి కూడా గటగటా తాగి, మూతి తుడుచుకుని, పట్నంలో ఇంత తియ్యటి నీళ్లు యాడ దొరుకుతాయి, ఏంబలం నీళ్లు ఏంబలం నీళ్లే అన్నాడు.

"ఇవి ఏంబలం నీళ్లు కాదన్నా" అంది కనకం. "రెండు మైళ్లు నడిచి పక్కూరి బాయిలో తోడుకొస్తా ఉండాం. ఆడ ఇంకా నీ మోటార్లు రాలేదు."

ఆఫీసరు తల వంచుకుని ఫారం మడతపెట్టాడు. పట్టాభి గొంతులో ఆ చల్లదనం ఇంకా పోనేలేదు. ఆయన జేబులోంచి డైరీ తీసి, పెన్ను క్యాపు విప్పాడు.

"ఆ ఊరి పేరేందమ్మా?" అన్నాడు.